ముందే చెప్పేసిన సారాంశం

పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడౌన్ ఇన్‌ఛార్జి గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఈ వారం మీటింగులో సారాంశం తనే చెప్పాలి! ఆ ఫర్నిచర్ కంపెనీలో అసిస్టెంట్ మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. ఆయన ఆశలన్నీ దానిమీదే. అడ్డల్లా సేల్స్ చూసే పెద్దమనిషి ఒక్కడే. ఆయన మీటింగు సాంతం నోట్లో నాలుక లేనట్టు కూర్చుని, చివర్లో లేచి, అందరూ చెప్పింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు. మేనేజరు "భేష్!" అంటాడు. ఆఫీసంతా ఆయన్ని 'సారాంశం' అనే పిలుస్తారు. ఆ భేష్ చెవిన పడ్డప్పుడల్లా ఇన్‌ఛార్జి కుళ్లుకునేవాడు.

"ఒకళ్లు చెప్పింది మళ్లీ చెప్పడం కూడా గొప్పేనా?" అన్నాడు భార్యతో.

"అంత తేలికైతే మీరే చెప్పొచ్చుగా! రోజూ నా బుర్ర తినే బదులు," అందావిడ.

చివరిదాకా ఆగితే ఆ భేష్ కాస్తా సారాంశం తన్నుకుపోతాడని, ఎవరి మాట పూర్తయితే వాళ్ల వెనకే అందుకోవాలనుకున్నాడు. మీటింగులో ముందుగా లారీ డ్రైవరు లేచాడు.

"బ్రేకు కొంచెం కీచుమంటోంది సార్."

"అంటే ఆ లారీ ఎక్కితే ప్రాణాలకి గ్యారంటీ లేదంటున్నాడు," అన్నాడు ఇన్‌ఛార్జి.

డ్రైవరు మొహం పాలిపోయింది. "అమ్మో, అంతుందా? అయితే నేను నడపను!" అంటూ తాళాలు బల్లమీద పడేశాడు.

అకౌంట్సు మేడమ్ గొంతు సవరించుకుంది. "ఎన్నిసార్లు చెప్పినా నా గదిలో ఫ్యాను బాగుచేయించట్లేదండీ."

"అంటే మేడమ్ ఉద్యోగం మానేస్తానంటున్నారు."

ఆవిడ ఉలిక్కిపడింది. "ఆ సంగతి మీకెవరు చెప్పారు?" అనేసి నాలిక్కరుచుకుంది.

"కాసేపు అందరూ నోరు మూసుకుంటారా?" అని మేనేజరు అరిచాడు.

"అంటే మనందరం దండగమారి వాళ్లమని సార్ ఉద్దేశం," అని ఇన్‌ఛార్జి ఊపులో అనేశాడు.

గదంతా గోలగోలైపోయింది. అప్పుడు సారాంశం మెల్లగా లేచాడు.

"ముందు టీ తాగుదాం సార్."

"భేష్!"

ఇన్‌ఛార్జి పళ్లు పటపటా కొరికాడు. కుర్చీ సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగం ఉంటే చాలనుకున్నాడు.

మధ్యాహ్నం మేనేజరు గదికి పిలిచాడు. సారాంశం అప్పటికే అక్కడున్నాడు.

"మెకానిక్కి చూపించాం. బ్రేకులు నిజంగానే పోయాయట. మేడమ్ వేరే కంపెనీకి మాటిచ్చేసిందట, బతిమాలి ఆపాను. జనం మింగేసిన మాటలు కూడా కక్కిస్తారండీ మీరు! ఆ కుర్చీ మీదే. ఇక అన్ని బ్రాంచీల మీటింగులూ మీరే చూసుకోవాలి, ఇవాళ్టి నుంచే."

ఇన్‌ఛార్జి గాల్లో తేలిపోయాడు. ఓరకంట సారాంశం వైపు చూశాడు. మొహం మాడిపోయి ఉంటుందనుకుంటే, ఆయన గబగబా వచ్చి చెయ్యి కలిపాడు.

"బతికించారండీ! ఆ కుర్చీ సార్ నన్ను తీసుకోమంటుంటే తప్పించుకోలేక చస్తున్నాను. మీటింగు త్వరగా తెమిల్చి ఇంటికి పోవాలనే కదా నా తాపత్రయమంతా!"

సాయంత్రం మూడో మీటింగులో కూర్చున్న కొత్త అసిస్టెంట్ మేనేజరు, కిటికీలోంచి సారాంశం ఈల వేసుకుంటూ ఇంటికి పోవడం చూసి, ఎప్పటిలాగే కుళ్లుకున్నాడు.