మొక్కు లేని కొండ

ఆదివారం తెల్లవారుతుండగా కోదండపాణి భార్యతో ఒక చిన్న అబద్ధమాడాడు. ప్రొద్దుటూరు పోయి గడియారం రిపేరుకిచ్చి వస్తానన్నాడు. నిజానికి ఆయన బయలుదేరింది జమ్మలమడుగుకు పడమర, గండికోట దారి పక్కనున్న కొండకు. పెళ్లికాక ముందు తాలూకా ఆఫీసులో కొత్త గుమాస్తాగా ఉన్నప్పుడు సెలవు దొరికితే చాలు, ఆ కాలిబాట పట్టేవాడు. అంతలో కర్నూలు రాజధాని అయింది, ఆయన్ని అక్కడికి వేశారు. డేరాల కింద కూర్చుని ఫైళ్లు రాసి, ఎండకు మాడి, రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక వాళ్లనూ వీళ్లనూ బతిమాలుకుని మళ్లీ ఈ ఊరికే వచ్చాడు. వానలకు కొండ పచ్చబడిందని కిటికీలోంచి చూసిన నాటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

నిజమే చెప్పి పోవచ్చు కదా అనవచ్చు. ఆ ఊళ్లో మనిషి కొండెక్కాలంటే మేకైనా తప్పిపోవాలి, పొయ్యిలోకి కట్టెలైనా కావాలి, దేవుడికి మొక్కైనా ఉండాలి. ఊరికే నడవడానికి పోతానంటే భార్య శాంతకుమారి మొదట నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది, తరువాత తానూ వస్తానంటుంది. భార్య అంటే ఆయనకు ప్రేమే. కానీ పగలంతా హెడ్డు గుమాస్తా శేషగిరి గొంతు, సాయంత్రం నుంచి ఆమె గొంతు వినే మనిషికి వారానికి ఒక పూట ఏ గొంతూ వినపడని చోటు కావాలి. ఇక ప్రతి ఆదివారమూ ఆ కొండ తనదే అనుకున్నాడు. వచ్చే వారానికి గొడుగు రిపేరు, ఆపై వారానికి కళ్లద్దాలు అని సాకులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

కొండ మొదట్లో చెప్పు బొటనవేలి ఉంగటం తెగింది. రెండు చెప్పులూ ఒక రాతి పక్కన పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, నీళ్ల చెంబు పట్టుకుని, బుగ్గన తాంబూలంతో ఎక్కబోతుండగా సీతాఫలాల గంపతో అఖ్తర్ బీ ఎదురయింది. ఆమె ఊరంతా ఇల్లిల్లూ తిరిగి పండ్లమ్మే మనిషి.

"కోదండపాణి సామేనా? శానా దినాలాయ చూసి. యాడికి సామీ, ఇంత పొద్దన్నే?"

ఏం చెప్పినా ఆ మాట గంపతోపాటు తన గడప దాకా పోతుందని కోదండపాణికి తెలుసు. నోరు మెదపకుండా కొండకేసి చెయ్యి చూపాడు.

ఆమె ఒట్టి కాళ్లు చూసింది, చెంబు చూసింది. "మొక్కా సామీ?"

తలూపితే వదిలిపోతుంది కదా అని ఊపాడు. అక్కడే కొంప మునిగింది.

మౌనంగా మొక్కు తీర్చుకునే మనిషిని మాట్లాడించినందుకు అఖ్తర్ బీ చెంపలు వేసుకుంది. ఆయన పోయాక, చెప్పులు ఎవరి పాలైనా అవుతాయని గంపలో పెట్టుకుని నేరుగా వాళ్లింటికి తెచ్చింది. శాంతకుమారి తలుపు తీసేసరికి ఎదురుగా భర్త చెప్పులున్నాయి, భర్త లేడు.

"మనిషి యాడ?"

"కొండెక్కుతాండాడమ్మా, ఒట్టి కాళ్లతో. నోరు తెరవల్యా. మొక్కంట."

"ప్రొద్దుటూరికి పోతానన్న్యాడే."

అఖ్తర్ బీ ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే అంది. "ఆడ పెద్ద డాక్టర్లుండారు కదమ్మా."

శాంతకుమారి గడప మీదే కూలబడింది. ఈ వారమంతా ఆయన సరిగా తినకపోవడం, కిటికీ దగ్గర నిట్టూర్చడం గుర్తొచ్చాయి. "పెండ్లానికి చెప్పకుండా మొక్కుకున్యాడంటే అది చెప్పుకోలేని రోగమే అఖ్తర్ బీ" అంటూ, తలుపు గొళ్లెం కూడా పెట్టకుండా, కాళ్లకు చెప్పులైనా లేకుండా ఇస్మాయిల్ జట్కా ఎక్కింది.

ఇస్మాయిల్ మంచివాడే గానీ అడిగినవాడికి చెప్పకుండా ఉండలేడు. దారిలో ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు అడిగారు. కాఫీ హోటలు ముందు నిలబడ్డ శేషగిరికి ఈ వార్త చేరేసరికి రోగం బాగా ముదిరి ఉంది.

"జమాబందీ లెక్కల పనంతా వాని నెత్తినే ఉండాది కదప్పా. వాడు పోతే నా గతేంది?" అని ఆయన నిర్ఘాంతపోయి, ఒక టెంకాయ పట్టుకుని జట్కా వెనకాలే నడిచాడు. శేషగిరి అంతటివాడే నడుస్తున్నాడంటే దేవుడు గట్టివాడే అయి ఉండాలని హోటల్లోని వాళ్లు కూడా లేచారు.

ఇవేవీ తెలియని కోదండపాణి కొండ మీద, వెనకటి రోజుల్లో తాను కూర్చునే రాతిగుండు మీద కూర్చున్నాడు. కింద పెన్న సన్నగా మెరుస్తోంది. చుట్టూ పచ్చగడ్డి, గాలి, అంతే. ఆయనకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. రెండో తాంబూలం వేసుకుని, వెనక్కి వాలి, నములుతూ నములుతూనే నిద్రపోయాడు.

మొదట పైకి చేరింది శాంతకుమారి. బండ మీద వెల్లకిలా పడివున్న భర్త, పెదవి చివర నుంచి చొక్కా మీదికి కారిన ఎర్రటి చార ఆమె కంటపడ్డాయి. ఆమె పెట్టిన కేకకు కోదండపాణి ఉలిక్కిపడి లేచాడు. తమలపాకు గొంతులోకి పోయింది. పొరబోయి, దగ్గు ఆగక, ఇంకాస్త ఎరుపు కక్కాడు.

"నెత్తురు. క్షయే" అన్నాడు శేషగిరి, రెండడుగులు వెనక్కి వేసి.

కోదండపాణి కళ్లు తుడుచుకుని చూశాడు. తన కాలిబాట పొడవునా జనం. గోవిందలు కొడుతున్నారు. భార్య ఆయన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నాకేం రోగం ల్యా శాంతా. అది వక్కాకు. ఊరికే నడిచేదానికొచ్చినా."

"ఊరికేనా?" ఈ మాట శేషగిరిది. క్షయ అన్నప్పుడు కూడా ఆయన ముఖంలో ఇంత విస్మయం లేదు.

"నిజంగా ఏం ల్యాదా? నా మింద ఒట్టెయ్యండి" అంది శాంతకుమారి.

ఒట్టేశాడు. వేస్తూ ఆమె పాదాల వైపు చూశాడు. ముళ్లు గుచ్చుకుని నెత్తురోడుతున్నాయి. కోదండపాణికి సిగ్గుతో తల వాలిపోయింది. ఇక ఈమెతో జన్మలో అబద్ధమాడకూడదు అనుకుంటూ కింద కూర్చుని ముళ్లు తీయసాగాడు. ఈలోగా గుండుకు ఎవరో కుంకుమ పెట్టారు. శేషగిరి ఎలాగూ తెచ్చాను కదా అని టెంకాయ కొట్టాడు.

శాంతకుమారి గుండుకేసి తిరిగి చేతులు జోడించింది. "సామీ, నా మాట ఇన్న్యావు."

"ఏం మాట?" అన్నాడు కోదండపాణి, చేతిలో ముల్లు అలాగే పట్టుకుని.

"దోవలో మొక్కుకున్యా. మీకేం ల్యాకుంటే బతికినన్నాళ్లూ ఆదివారమాదివారం మీ చేత ఈ కొండెక్కిస్తానని. నేనూ ఎంటే వస్తా."

"నేను కూడా" అన్నాడు శేషగిరి. "ఇంత మహిమ గల సామిని ఇడిసిపెడతామా." ఇస్మాయిల్ ఆదివారాలు జట్కా ఇంకెవరికీ ఒప్పుకోనన్నాడు. అఖ్తర్ బీ కొండ కిందే గంప దించుకుంటానంది.

ఆ తరువాత ఒక పూట ఒంటరిగా ఉండాలనిపించినప్పుడల్లా కోదండపాణి భార్యకు చెప్పి, నిజంగానే ప్రొద్దుటూరు పోయి, గడియారాల అంగడి బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు. గడియారానికి మాత్రం ఏ రోగమూ లేదు.