హైందవి తీగ, జయరామన్ పాలు

పది గంటలకు పరికరం చూపించడం, పదకొండుకు కాఫీ, పన్నెండుకు డెయిరీ యజమానితో సంతకం. ఆ ఉదయం హైందవి వేసుకున్న పథకం ఇంతే. అంబత్తూరులో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె పరిశోధన చేస్తోంది. పాలు విరిగిపోకుండా కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. దాన్ని క్షణాల్లో పట్టేసే చిన్న పరికరం తయారుచేసింది. దాని ప్రాణమంతా ఒక వెండి తీగ కొసకు పట్టించిన నల్లటి పూతలో ఉంది. ఆ పూతకు మూడు వారాలు పట్టింది. మాధవరంలో డెయిరీ నడిపే జయరామన్‌కు నచ్చితే పాతిక పరికరాలు తీసుకుంటాడు. నచ్చకపోతే, ఆమె ఫెలోషిప్ ఈ నెలతో సరి.

తొమ్మిదింటికి ల్యాబులో అడుగుపెట్టగానే మునియక్క ఎదురొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ల్యాబు ఊడ్చి తుడిచేది ఆమే.

"ఎండి తీగను ఇట్టా నల్లంగా పారేసి పోతారామ్మా? చింతపండేసి తోమి పెట్టినా. ఎట్టా మెరస్తా ఉండాదో చూడు!"

నిజమే, మూడు వారాల శ్రమ తళతళా మెరుస్తోంది. హైందవికి ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి టైము లేదు. సొరుగు అడుగున, ఆరు నెలల కిందట పక్కన పడేసిన ఇలాంటి పాత తీగ ఒకటి దొరికింది. పూత అక్కడక్కడా పెచ్చులూడింది. దాన్నే బిగించింది.

"కొత్తది పెట్టావుగా అమ్మా?" అన్నారు గైడు అచ్యుతరామయ్య గారు.

"పెట్టాను సార్."

జయరామన్ పాల క్యాను పట్టుకుని మరీ దిగాడు. "పాలు నేనే ఎత్తుకొచ్చినా సార్. మా పాలు తంగం, మేలిమి బంగారం! సున్నా తప్ప ఇంకోటి వస్తే నన్ను అడగండి."

ఇంకోటే వచ్చింది. తీగ ముంచగానే తెర మీద అంకె ఎగబాకింది.

"కాస్త వేడెక్కాలి సార్," అని హైందవి రెండో అబద్ధం ఆడింది. వేడెక్కాక అంకె ఇంకా పైకి పోయింది. జయరామన్ మొహం మాడిపోయింది.

అతిథి నొచ్చుకున్నాడని అచ్యుతరామయ్య గారు హడలిపోయారు. "మీ పాలను శంకించడమేమిటండీ!" అంటూ గ్లాసు నిండా పోయించుకుని గటగటా తాగేశారు. "అమృతం! తప్పంతా బీకరుది. మునియక్క సరిగా కడిగి ఉండదు."

మునియక్క చీపురు కింద పడేసింది. "నేను కడిగింది సరిగా లేదా? పొద్దున ఆ నల్ల తీగను గూడా అద్దం మాదిరి తోమినా. ఈ పాపనే అడగండి సార్!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. బిగించింది పాత తీగేనని, దాని మాట నమ్మడానికి లేదని హైందవి తల దించుకుని ఒప్పుకుంది.

జయరామన్ మొహం వెలిగిపోయింది. "అంటే తప్పు మిషిన్‌దే! పరవాలేదమ్మా, చిన్నపిల్లవు. పాతిక కాదు, యాభై తీసుకుంటా. ఆ పాత తీగే ఉండనీ, అదే బాగుండాది."

అక్కడితో నోరు మూసుకుంటే ఫెలోషిప్ గట్టెక్కేది. కానీ పొద్దుటినుంచి ఆడిన రెండు అబద్ధాలే ఆమెకు అరగలేదు. "ముందు ఈ తీగ ఎంత తప్పు చూపిస్తోందో తేలుద్దాం సార్," అని పరీక్ష కాగితం ఒకటి పాలలో ముంచింది. పెరాక్సైడ్ ఉంటేనే ఆ కాగితం నీలంగా మారుతుంది.

నీలంగా మారింది. ఇంకోటి ముంచింది. అదీ నీలమే. పెచ్చులూడిన తీగ మొదటినుంచీ నిజమే చెబుతోంది.

అచ్యుతరామయ్య గారు చేతిలోని ఖాళీ గ్లాసు వైపు చూసుకున్నారు. "ఏమండీ, నాకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు సార్!" అన్నాడు జయరామన్ కంగారుగా. "కొంచమే కలిపినాము!"

అన్నాక అందరికంటే ఆలస్యంగా అతనికే తెలిసింది, ఏమన్నాడో. క్యాను ఎత్తుకుని, ఫోన్ చేస్తానని చెప్పి మెట్లు దిగిపోయాడు.

పరికరం చక్కగా పనిచేస్తుందనడానికి హైందవికి దొరికిన మొదటి రుజువు, దాన్ని కొనడానికి వచ్చినవాడు కొనకుండా పోవడమే.