పదివేలకి ఎందరు?

ఆ శుక్రవారం పొద్దున దయామణి వేసుకున్న లెక్క చాలా చిన్నది. పీతలదిబ్బలో నలభై అయిదు గడపలు, సరిగ్గా రెండు వందల మంది జనం. గడప గడపకీ వెళ్లి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలెవరికైనా ఉన్నాయేమో చూసి, మూడు గంటల బస్సుకి అవనిగడ్డ చేరి, కాగితాలు సూపర్వైజరు పూర్ణచంద్రరావుగారి చేతిలో పెడితే అయిపోతుంది. అది 1998. కుష్ఠురోగులు పదివేల జనాభాకి ఒకరికంటే తక్కువ ఉండాలని దేశమంతా ఇంటింటి సర్వేలు చేస్తున్నారు. దయామణి పదకొండేళ్లుగా ఆరోగ్య కార్యకర్త. ఆమె చేతిలో ఒక పెన్ను, ఒక అట్ట, నలభై అయిదు ఫారాలు ఉన్నాయి.

మొదటి గడప పోలయ్యది. ఊళ్లో వలవేసే వాళ్లందరికీ పెద్ద. వీపు మీద తామర మచ్చ ఉంది.

"మావయ్యా, కళ్లు మూసుకోండి. పెన్నుతో ముట్టుకుంటాను. ఎక్కడ తగిలిందో వేలితో చూపించాలి."

"చూపించకపోతే?"

"పేరు రాసుకుంటాను."

ఈ ముక్క అనకుండా ఉండాల్సింది. పీతలదిబ్బ తుపానులు చూసిన ఊరు. ప్రతి తుపాను తరవాతా ఎవరో ఒకరు అట్ట పట్టుకుని వచ్చేవాళ్లు. పేరు రాయించుకున్న ఇంటికి బియ్యమో, కిరసనాయిలో, టార్పాలినో వచ్చేది. రాయించుకోని ఇంటికి ఏమీ వచ్చేది కాదు. పోలయ్య కళ్లు మూసుకుని అదంతా జ్ఞాపకం చేసుకున్నాడు. దయామణి పెన్ను మొన వీపుకి ఆనించింది.

"తెలిసిందా?"

"ఏదీ, నువ్వింకా ముట్టుకోలేదుగా?"

ఆమె నాలుగో ఇంటికి వెళ్లేసరికి ఈ కబురు ఊరు చివరికి వెళ్లి వెనక్కి కూడా వచ్చింది. ఒకావిడకి కుడికాలు పుట్టినప్పట్నించీ తెలియదట. "మరి నడుస్తున్నారుగా?" అంటే, "అలవాటైపోయిందండీ" అంది. ఒకతని భుజం మీద మచ్చ తడిగుడ్డతో తుడిస్తే పోయింది, సున్నం. ఇంకొకాయన పెన్ను తగలగానే "అబ్బా" అన్నాడు. "ఇప్పుడు అబ్బా అన్నారు కదా?" అంటే, "అది మోకాలి నొప్పికండీ" అన్నాడు.

ఇందులో ఇచ్చేదేమీ లేదనీ, ఇది జబ్బు లెక్కనీ ఆమె గొంతు పోయేలా చెప్పింది. మొదట్లో అందరూ అలాగే చెప్తారని వాళ్లు నవ్వుకున్నారు. తెలియదన్న వాళ్లని అనుమానితులుగా రాసి తీరాలన్నది రూలు. మధ్యాహ్నానికి ఎనభై మూడు పేర్లయ్యాయి.

అమ్మాజీ ఒక్కతే రాయించుకోనంది. మొగుడు పోయిన మనిషి, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. చేతులు పైటలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "మాకేం లేదండీ. రాయొద్దు" అంది. పొద్దున్నించీ విన్న మొదటి నిజం ఇదే అనుకుని, దయామణి ఆమెకి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్లిపోయింది.

పూర్ణచంద్రరావు కాగితాలు చూసి కుర్చీలోంచి లేచాడు. "రెండు వందల్లో ఎనభై మూడా? పదివేలకి నాలుగు వేల నూట యాభై! ప్రపంచంలో ఇంత ఎక్కడా లేదమ్మా!"

"వాళ్లు అబద్ధం చెప్తున్నారండీ."

"అబద్ధం అని రాయడానికి ఫారంలో గడి లేదమ్మా."

ఆయన బందరు ఆఫీసుకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. లైను సరిగా లేక అంకెని మూడుసార్లు అరిచి చెప్పాడు. ఆయన వెనక ఏడుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

శనివారం పీతలదిబ్బ దగ్గర బస్సు ఆగలేదు. ఆదివారం సంతకి వెళ్లిన చేపల బుట్టలు ఎలా వెళ్లినవి అలాగే తిరిగొచ్చాయి. పక్క ఊరి టీ కొట్టువాడు వీళ్ల కోసం విడిగా కొబ్బరి చిప్పలు వేలాడదీశాడు. సోమవారం బడి పంతులు సెలవు పెట్టాడు. మంగళవారం రొయ్యల షెడ్డు ఈ ఊరి ఆడవాళ్లు తొమ్మిదిమందినీ రావద్దంది. బుధవారం పోలయ్య అక్క పోతే, పై ఊళ్ల చుట్టాలు కాలవ అవతలి గట్టునే నిలబడి ఏడ్చి వెళ్లిపోయారు.

అక్కని మట్టి చేసిన చేతులతోనే పోలయ్య దయామణి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మా పేర్లు కొట్టెయ్యి. నాకన్నీ తెలుస్తున్నాయి. తెలియకూడనివి కూడా తెలుస్తున్నాయి."

కొట్టెయ్యడానికి ఆమెకి అధికారం లేదు. శుక్రవారం బందరు నుంచి జీపులో డాక్టరుగారు వచ్చారు. బడి వరండాలో ఎనభై మూడుమందీ కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"తెలుస్తోందండీ!" అని మొదటివాడు అరిచాడు.

"నేనింకా ముట్టుకోలేదయ్యా."

"గాలి తగిలిందండీ!"

డాక్టరు ఓపికగా ఒక్కొక్కరినే చూశాడు. తామర, గజ్జి, ఎండకి వచ్చిన మచ్చలు. జబ్బు ఒక్కరికీ లేదు. జాబితాలో లేనివాళ్లని చూడమని ఆయనకెవరూ చెప్పలేదు. పీతలదిబ్బ, సున్నా. సాయంత్రం బస్సు ఆగింది.

ఆ బస్సుకి ఇంకా అరగంట ఉందనగా అమ్మాజీ దయామణిని పిలిచి టీ పెట్టింది. కుతకుతలాడుతున్న గిన్నెని గుడ్డ లేకుండా కుడిచేత్తో పట్టుకుని, తొందరేమీ లేనట్టు దించింది. చర్మం కాలిన వాసన వచ్చింది.

"అమ్మాజీ, చెయ్యి!"

ఆమె అప్పుడు చూసుకుంది. చివరి రెండు వేళ్లు అప్పటికే లోపలికి వంగి ఉన్నాయి. మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లండీ. షెడ్డులో తెలిస్తే తీసేస్తారని..."

దయామణికి ఆ గుమ్మంలో తాను పెట్టబోయిన దణ్ణం గుర్తొచ్చింది. "దీనికి మందుంది. ఊరికే ఇస్తారు, తగ్గిపోతుంది" అంది.

"పేరు రాస్తారా?"

"రాస్తేనే మందిస్తారు."

"అయితే వద్దక్కా. ఊరికేమైందో చూశారుగా."

మర్నాడు పూర్ణచంద్రరావు అంతా విని తల పట్టుకున్నాడు. "రెండు వందల్లో ఒకటంటే పదివేలకి యాభై. నిన్ననే సున్నా అని పంపించాం. మళ్లీ ఆ బస్సు ఆగుతుందా? ఆవిడ ఇంకెక్కడైనా ఉండి ఉంటే ఎంత బాగుండేదమ్మా!"

ఆయన విసుగుతో అన్నాడు. దయామణి దాన్ని ఆర్డరుగా తీసుకుంది. గుడివాడలో ఉన్న తన చెల్లెలి ఇంట్లో అమ్మాజీ అద్దెకుంటున్నట్టు చిరునామా రాయించి, అక్కడే పేరు ఎక్కించింది. నెలనెలా మాత్రలు చేతిసంచిలో అడుగున పెట్టుకుని తనే తెచ్చి, మొదటి మాత్ర తన ఎదుటే మింగించేది. ఏడాదికి మచ్చ మానింది. వంగిన వేళ్లు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి.

పీతలదిబ్బకి ప్రశంసాపత్రం వచ్చింది. గుడివాడలో, అంతకుముందు ఒక్క రోగి కూడా లేని వీధిలో కొత్తగా కేసు తేలడం పైవాళ్లని కలవరపెట్టింది. జబ్బు అక్కడికి ఏ ఊరి నుంచి వచ్చిందో కూపీ లాగడానికి, సర్వేల్లో అనుభవం ఉందని దయామణిని పంపించారు.