హేమాంగీ తాయి రెజ్యూమేకి ఉద్యోగమొచ్చింది!

మనిషి కంటే రెజ్యూమే గొప్పది! ఒప్పుకోరా? మనిషికి తుమ్ములొస్తాయి, బస్సు తప్పిపోతుంది, గట్టిగా అడిగితే నిజం చెప్పేస్తాడు. రెజ్యూమేకి ఈ జబ్బుల్లో ఒక్కటీ లేదు.

నమ్మకపోతే పుణేలో మా పై వాటాలో ఉండే హేమాంగీ కారఖానీస్ సంగతి వినండి. వీధంతా ఆవిణ్ణి 'తాయి' అంటాం, అంటే అక్క.

ఆవిడ ఏళ్ల తరబడి ఓ పెళ్లి మండపం ఆఫీసులో పనిచేసింది. ఫోన్లెత్తడం, ముహూర్తాలకి హాలు రాసిపెట్టడం, ఇరువైపులవాళ్ల మధ్య నిప్పు రాజుకుంటే నీళ్లు చల్లడం. ఈ ఏడు ఆ మండపం పడగొట్టేశారు. భర్త నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. ఇంటికి ఆవిడ జీతమే ఆధారం.

పాపం, అమాయకురాలు! 'ఫోన్లెత్తగలను, కోపంగా ఉన్నవాళ్లతో మాట్లాడగలను' అని రాసి ఊరంతా పంపింది. ఒక్కరైనా పిలిస్తేనా!

చివరికి మా వీధిలో రెజ్యూమేలు రాసిపెట్టే సబ్నీస్ కాకా దగ్గరికెళ్లింది.

"తాయీ, దీన్ని రెజ్యూమే అనరు, వాంగ్మూలం అంటారు! వెళ్లి పోలీసులకిచ్చుకో," అన్నాడు కాకా. "ఇంతకీ అక్కడ నువ్వు వెలగబెట్టిందేంటో చెప్పు."

"ఏముంది కాకా! ఓసారి వడ్డన మధ్యలో శ్రీఖండ్ మిఠాయి అయిపోయింది. పెళ్లికొడుకు తల్లి అగ్గిమీద గుగ్గిలం. ఆవిడ పైఠణీ చీరని పొగుడుతూ నిలబెట్టేశా. ఈలోగా బజారు నుంచి డబ్బాలొచ్చేశాయి."

కాకా కళ్లు మెరిశాయి. "సప్లై చైన్ సంక్షోభ నివారణ! భాగస్వాముల భావోద్వేగ సమన్వయం!"

"అయ్యో, నేను పొగిడింది చీరనండీ!"

"చీర అని రాస్తే చీరల కొట్లో కూడా ఉద్యోగమివ్వరు. నోర్మూసుకో."

వారం తిరక్కుండానే ఓ పెద్ద కంపెనీ పిలిచింది. చూశారా మహిమ! పనేమిటో తెలుసా? కోపంగా ఫోన్ చేసే కస్టమర్లతో మాట్లాడటం.

ఇంటర్వ్యూలో దామ్లే మేడమ్ కాగితం చదివి, "ఈ సంక్షోభం గురించి చెప్పండి," అంది. హేమాంగికి కాకా బట్టీ పట్టించిన వాక్యం ఒక్క ముక్కా గుర్తురాలేదు. చేసేదిలేక శ్రీఖండ్ కథంతా చెప్పేసింది, పెళ్లికొడుకు తల్లి గొంతుతో సహా!

దామ్లే మేడమ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మాక్కావలసింది మీరే! రేపట్నుంచే రండి," అంది.

కథ ఇక్కడ ఆగితే మనిషే గెలిచినట్టు. కానీ నియామకాల గుమాస్తా ఒకడున్నాడు.

"మేడమ్, కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు," అన్నాడతను హేమాంగీ తాయితో. "రెజ్యూమేలో సప్లై చైన్ అనుంది. మీరేమో శ్రీఖండ్ అంటున్నారు."

"అయితే రెజ్యూమే మార్చేస్తాను బాబూ."

"అయ్యబాబోయ్! దాన్ని చూసే కదా మిమ్మల్ని ఎంపిక చేసింది! అది మార్చకూడదు. మీరే మారాలి."

ఇప్పుడావిడకి శిక్షణ నడుస్తోంది, తన రెజ్యూమేలో ఉన్న మనిషిలా మాట్లాడటానికి. నిన్న ఓ కస్టమర్ ఫోన్లో ఏడుస్తుంటే, "మీ బాధను ఉన్నత స్థాయికి బదలాయిస్తున్నాం," అందట. వందకి వంద మార్కులు!

మరి చీరని పొగిడి పెళ్లి నిలబెట్టిన హేమాంగీ తాయి? ఆవిడకి తగిన ఖాళీలు ప్రస్తుతానికి లేవట. కావాలంటే రెజ్యూమే పంపుకోవచ్చట!