జంట అచ్చు బిళ్ళ

ఆ సోమవారం దాదా ఖలందర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఆళ్ళగడ్డ చర్చి గోడగడియారాన్ని బాగుచేసి, మధ్యాహ్నం బస్సులో తీసుకెళ్ళి తగిలించి రావాలి. నంద్యాల బస్టాండు పక్కన ముప్పై ఏళ్ళుగా గడియారాల అంగడి నడుపుతున్నాడు. ఫోన్లు వచ్చాక మిగిలిన గిరాకీలో ఆ చర్చే పెద్దది.

స్క్రూ బిగిస్తుండగా ఆళ్ళగడ్డ రిటైర్డ్ టీచరు యెషయా వచ్చి, జేబురుమాలు మడతలోంచి రెండు రూపాయల బిళ్ళ తీశాడు.

"దాదా, నీ కంటి అద్దం పెట్టి చూడప్పా. దీని మింద సంవత్సరం రెండుసార్లు పడిండాది. ఇట్లాంటిదానికి లక్షన్నర ఇస్తారని ఫోన్లో వీడియో చూసినా."

చిన్నప్పటి నుంచి పాత నాణేలు పోగేసే అలవాటు వల్ల ఖలందర్‌కు ఆ సంగతులు తెలుసు. చూసి నిట్టూర్చాడు.

"సారూ, ఇది మిషన్ దెబ్బ. బిళ్ళ కొట్టేటప్పుడు అచ్చు వదులై రవ్వంత జారింది. అంకె పక్కన మెట్టు మాదిరి చదునుగా నొక్కుకుపోయింది, చూడండి. నిజమైన జంట అచ్చు బిళ్ళైతే అచ్చులోనే అంకె రెండుసార్లు పడుంటాది. అప్పుడు రెండూ ఉబ్బెత్తుగా, మూల కాడ చీలినట్టు కనపడతాయి. ఇది రెండు రూపాయలే."

యెషయా ముఖం వాడిపోయింది. దాన్ని నమ్ముకుని ఆయన అప్పటికే మేడ మీద గది కట్టడానికి మేస్త్రీని పిలిచేశాడు. "నాకొద్దు, నువ్వే పెట్టుకో!" అని బల్ల మీద విసిరి లేచాడు. కింద పడి పోతుందేమోనని ఖలందర్ దాన్ని సొరుగులో వేశాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగిన యెషయా కంట అది పడింది.

పావుగంటలో, బస్టాండులో ఉన్న బామ్మర్ది దేవరాజును వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

"పనికిరానిదైతే సొరుగులో ఎందుకు దాచినావ్?" అని దేవరాజు నిలదీశాడు.

ఖలందర్ వెంటనే తీసి ఇచ్చాడు. దేవరాజు అటూ ఇటూ తిప్పాడు. "మార్చినావేమో ఎవునికి తెలుసు?"

"మార్చేదానికి ఇట్లాంటిది నా కాడ ఇంకోటి యాడుండాదన్నా!"

"అంటే ఇది అంత సులువుగా దొరికేది కాదని నువ్వే ఒప్పుకుంటాండావ్!"

ఈ మాట బస్సు కంటే ముందే ఫోన్లలో ఆళ్ళగడ్డ చేరింది. ఖలందర్ గడియారం చంకన పెట్టుకుని చర్చి ఆవరణలో అడుగుపెట్టేసరికి శిరివెళ్ల, రుద్రవరం నుంచి కూడా జనం బిళ్ళలు పట్టుకుని వచ్చి ఉన్నారు. నంద్యాల దాదా లక్షల బిళ్ళలను పనికిరావని చెప్పి కాజేస్తున్నాడట. ఆయన కాదన్నదే అసలైనదని లెక్కేసి, తమ బిళ్ళలను ఆయన నోట కాదనిపించుకోవాలని వాళ్ళ ఆరాటం.

పేరు పోతే ఉన్న గిరాకీ కూడా పోతుంది. అందరి ముందూ నిజం చెబితే తేలిపోతుందనుకుని, ఖలందర్ మెట్ల మీద కూర్చుని కంటికి అద్దం పెట్టుకున్నాడు. తాను మాత్రం దేన్నీ ముట్టనన్నాడు. ఎవరి బిళ్ళ వాళ్ళే పట్టుకుని చూపాలి.

"మిషన్ దెబ్బ."

"ఇదీ అంతే."

"ఇది ఊరికే అరిగిపోయిందమ్మా."

ఆయన కాదన్న ప్రతి బిళ్ళా చీర చెంగులోకో లోపలి జేబులోకో భద్రంగా దూరింది. ఆయన గొంతు ఎండిపోయింది. నలభై మంది అయ్యాక, చర్చి ఊడ్చే జీవమ్మ ఐదు రూపాయల బిళ్ళ చూపించింది.

ఖలందర్ అద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్షరాలు రెండేసి ఉన్నాయి, అన్నీ ఉబ్బెత్తుగా. మూలల్లో సన్నని చీలిక. చదును మెట్టు ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో అలాంటిది బొమ్మల్లో తప్ప చూడలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"జీవమ్మా, అసలైంది ఇదీ! భద్రంగా పెట్టుకో."

"నువ్వే తీసుకోప్పా. ఎంతిస్తే అంతియ్యి."

ఖలందర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టను తల్లీ. హైదరాబాదులో పెద్ద వ్యాపారికి చూపించు."

జనం జాలిగా జీవమ్మ వైపు చూశారు.

"పాపం, ఈమెదొక్కటే ఉత్తది. ఊరికే ఇస్తానన్నా వద్దంటాండాడు!" అన్నాడు దేవరాజు.

ఖలందర్ ఒట్లు పెట్టాడు, అరిచాడు. ఆయన అరిచేకొద్దీ వాళ్ళ నమ్మకం గట్టిపడింది. చివరికి పాస్టరు గడియారం అందుకుని, "ఇకమీదట మేం కర్నూల్లో చూపించుకుంటాంలెండి" అని మెల్లగా చెప్పాడు.

ఖలందర్ గేటు బయట అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి జీవమ్మ కాగితం కప్పు పట్టుకుని వచ్చింది.

"బాధపడాకు నాయనా. అందరితో ఎట్లున్నా, నాది ఉత్తదని నొప్పించకుండా చెప్పినావ్. గొంతెండి ఉంటాదని టీ తెచ్చినా."

ఖలందర్ చటుక్కున తలెత్తాడు. "దుడ్లు యాడివి తల్లీ?"

"ఆ బిళ్ళే ఇచ్చినా. టీ కొట్టాయన దాన్ని అప్పుడే కోయిలకుంట్ల ఆటోలో పోయేటోళ్ళకి చిల్లర కింద ఇచ్చేసినాడు గూడా."

ఖలందర్ రోడ్డు వైపు చూశాడు. ఆటో లేదు, దాని దుమ్ము కూడా లేదు. జీవమ్మ ఎదురుగా నిలబడి ఉండడంతో కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

టీలో చక్కెర వేయలేదు.