పొసగనివాళ్ళ ధ్రువపత్రం

ఒక పెద్ద అడవిలో, పాలన బ్రహ్మాండంగా ఉందని పులిరాజు తనే రోజూ చెప్పుకుంటున్న కాలంలో, ముగ్గురు స్నేహితులుండేవారు. ఒకరు చూపు పోయిన ముసలి ఎలుగుబంటి. ఒకరు ఉచ్చులో పడి ఒక కాలు పోగొట్టుకున్న దుప్పి. మూడోది పిడుగు పడ్డనాటి నుంచి చెవులు వినపడని అడవిపంది.

రోజూ పొద్దున్నే ఒక కొండముచ్చు వచ్చి ముగ్గుర్నీ వాగు దగ్గరికి నడిపించుకుపోయేది. దారంతా రాళ్ళూ ముళ్ళూ కాబట్టి ముందురోజు సాయంత్రమే వెళ్ళి ముళ్ళు ఏరి వచ్చేది. వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఎలుగుబంటి తన చిన్ననాటి తేనెపట్టు కథ చెప్పేది. పదేళ్ళుగా అదే కథ. పంది వినపడకపోయినా సరైన చోటే నవ్వేది. ఎలుగుబంటికి బతుకంటే ఆ ఒక్క పూటే. మిగతాదంతా గుహ.

ఒక్కర్ని తీసుకెళ్తే మూడు దొప్పల ఇప్పపువ్వు, గుంపుగా అయితే తలకి రెండు దొప్పలు. కొండముచ్చుకి అడవి సభ ఇచ్చే కూలి అది. దాంతోనే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

సభ కార్యదర్శి నక్కగారికి ఆ ఏడు రాజుగారి పక్క బండ మీద కూర్చోవాలని మనసైంది. బండ దక్కాలంటే ఏదో ఒకటి పొదుపు చేసి చూపించాలి. రాజుగారి వేట విందుల్లో పొదుపు చేస్తే తోలు మిగలదు. అందుకని నక్కగారి చూపు వాగుదారి మీద పడింది.

"ముగ్గురూ నడిచేది ఒకే దారి, కూర్చునేది ఒకే ఒడ్డు. అంటే అందుతున్న సాయం ఒక్కటే. ఒక్క సాయానికి ఒక్క ధర. దాన్నే ముగ్గురూ పంచుకుంటారు" అని తేల్చారు.

అంటే గుంపు మొత్తానికి మూడు దొప్పలు. మరి ముళ్ళు ఏరే సాయంత్రం మాటేమిటని కొండముచ్చు వెళ్ళి అడిగింది. ఆ సమయంలో నీ పక్కన వికలాంగులెవరూ లేరు కదా, కాబట్టి అది సేవ కిందికి రాదు, నీ సరదా కిందికి వస్తుందన్నారు నక్కగారు.

కొండముచ్చు ఇంటికెళ్ళి పిల్లల మొహాలు చూసింది. మర్నాటి నుంచి వాగుదారి మానేసి మేడిపళ్ళు ఏరుకోవడానికి పోయింది.

ఎలుగుబంటి అయిదు రోజులు గుహలోనే ఉండి, గుంటలో నిలవున్న నీళ్ళు తాగింది. ఆరో రోజు దుప్పి మూడు కాళ్ళ మీద పడుతూ లేస్తూ వచ్చింది. కొత్త ఉత్తర్వు చివరిదాకా చదివానని, అడుగున ఒక వాక్యం ఉందని చెప్పింది. ఒకరితో ఒకరికి పొసగనివారికి విడివిడిగా సేవ, పూర్తి ధర. రాజుగారి ముసలి బావమరుదులిద్దరూ ఎదురుపడితే కరుచుకుంటారు. వాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన వాక్యం అది. కాకపోతే నక్కగారి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అందుకు ఆయన కళ్ళముందే పోట్లాడాలి.

ముగ్గురూ ఎలాగో సభకు చేరారు. ఎలుగుబంటికి తిట్టడం రాలేదు. చాలాసేపు ఆలోచించి, "దుప్పీ, నువ్వు మంచిదానివి కావు" అంది. పంది ఎప్పటిలాగే నవ్వింది. నక్కగారు కలం కింద పెట్టేశారు.

ఇక లాభం లేదనుకుని దుప్పి నోరు విప్పింది.

"పదేళ్ళుగా అదే తేనెపట్టు, అవే ఈగలు. నీ కథ వినలేక చస్తున్నాను. ఈ పంది అదృష్టవంతురాలు, చెవులు లేవు."

ఎలుగుబంటి మూతి బిగిసిపోయింది. అది నటన కాదని నక్కగారికి కూడా తెలిసింది. మూడు ధ్రువపత్రాల మీద ముద్ర పడింది.

దారి పొడుగునా ఎలుగుబంటి పంది పక్కనే నడిచింది. గుహ ముందు ఆగాక దుప్పి దాని భుజానికి తల ఆనించింది.

"అత్తా, ఈగలు కుట్టాక ఏమైంది?"

"నీకు తెలుసుగా."

"తెలుసు. నువ్వు చెప్తే వినాలనుంది."

మర్నాటి నుంచి కొండముచ్చు మళ్ళీ వచ్చి ఒక్కొక్కర్నే తీసుకెళ్ళసాగింది. తలకి మూడు దొప్పలు. ఉత్తర్వులో తీసుకెళ్ళడం గురించి ఉంది కాని, ఎప్పుడు వెనక్కి తేవాలో లేదు. కాబట్టి మొదట వెళ్ళినవాళ్ళు తక్కినవాళ్ళు వచ్చేదాకా ఒడ్డునే ఉండేవారు. నక్కగారు తనిఖీకి వస్తే ముగ్గురూ గబగబా తిట్టుకునేవారు. రానురాను ఎలుగుబంటికి తిట్లు బాగా వంటబట్టాయి.

ఈ సంగతి అడవంతా పాకింది. ముసలి ఏనుగులకి మేత మోసేవాళ్ళు, పిల్లల్ని కాసేవాళ్ళు, అందరూ గుంపు ధరతో నలిగిపోతున్నవాళ్ళే. వాళ్ళ సాయం అందుకునేవాళ్ళంతా ధ్రువపత్రాల కోసం నక్కగారి ముందు బారులు కట్టారు. అన్నదమ్ములు కొమ్ములతో పొడుచుకున్నారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన చిలకల జంట పరస్పరం మొహాన ఉమ్మేసుకుంది. దసరా నాటికి అడవిలో ఎవరికీ ఎవరితోనూ పొసగదని ముద్రలతో సహా రుజువైంది.

అప్పుడొచ్చింది ఏటేటా జరిగే మహాసభ. ఒక్కరూ రాలేదు. పొసగనివాళ్ళకి ఏదైనా విడివిడిగానే అని సభవారి ఉత్తర్వులోనే ఉంది, అందరం ఒకచోటికి ఎలా వస్తామంటూ అందరూ ధ్రువపత్రాలు పంపారు. రాజుగారు నక్కగారి వంక చూశారు. ఆ చూపులో బండ లేదు.

"అయితే సభని నువ్వే మోసుకెళ్ళు. గుహ గుహకీ వెళ్ళి పొదుపు నివేదిక చదివి రా" అన్నారు.

నూట అరవై గుహలు. చివరి గుహకి వెళ్ళేసరికి నక్కగారి నాలుగు పాదాల్లోనూ తుమ్మముళ్ళు దిగాయి. పాక్కుంటూ వాగు ఒడ్డుకి చేరితే, అక్కడ ముగ్గురు శత్రువులు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. నక్కగారిని చూసి తిట్టుకోవడం మొదలుపెట్టబోయారు. వద్దని చెయ్యి ఊపి, తనని కూడా వాళ్ళతో నడిపించుకుపొమ్మని పక్కనే ఉన్న కొండముచ్చుని బతిమాలారు.

"కలిసి నడిస్తే గుంపైపోతాం కదండీ, ఆ ధరకి నాకు గిట్టదు" అంది కొండముచ్చు. "ఎవరితోనూ పొసగదని కాగితం ఉంటే విడిగా తీసుకెళ్తాను."

నక్కగారు గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ సంచిలోంచి కాగితం తీసి, తన పేరు తనే రాసుకుని ముద్ర వేసుకున్నారు. ఆ ఒక్క ధ్రువపత్రానికి మాత్రం పోట్లాడి చూపించమని ఎవరూ అడగలేదు.

నీతి: నలుగురితో కలిసిమెలిసి ఉండండి, కాని పడదని రాసిన కాగితం ఒకటి దగ్గరుంచుకోండి.