ఎల్ ఉన్న పేజీ, ఎల్ లేని పేజీ

వదిన టైలరింగ్ షాపు వెబ్‌సైటులో కొన్ని పేజీల చిరునామాలు హెచ్‌టీఎం అని, కొన్ని హెచ్‌టీఎంఎల్ అని ముగుస్తాయి. సైటు తయారుచేసిన మరిదికి ఎన్నాళ్లుగానో అది కంట్లో నలుసు. ఆ ఉదయం షాపు తెరవగానే ల్యాప్‌టాప్ పట్టుకుని వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇవాళ అన్నింటికీ ఒకటే తోక పెట్టేస్తాను వదినా."

"ఇప్పుడు బాగానే తెరుచుకుంటున్నాయిగా?" అంది వదిన, కత్తెర ఆపకుండా.

"తెరుచుకుంటే సరిపోతుందా? ఒక పద్ధతంటూ ఉండొద్దూ?"

ఎల్ లేనివాటికల్లా ఎల్ తగిలించాడు. పేజీల పేర్లు మారాయి గానీ, వాటికి దారి చూపే లింకులు పాత పేర్లనే పట్టుకుని వేలాడుతున్నాయి. 'మీ బట్టలు ఎంతవరకు వచ్చాయి' అన్నచోట నొక్కితే 'ఇక్కడ ఏమీ లేదు' అని వస్తోంది.

మొదట బ్యాంకు మేనేజరమ్మ ఫోన్ చేసింది. "నా డ్రెస్సు లేదంటోందేంటండీ?"

"డ్రెస్సు ఉంది మేడం. పేజీయే లేదు" అని వదిన సర్దిచెప్పి, మరిది వైపు తిరిగింది. "పాత పేర్లే పెట్టెయ్యరాదూ?"

"మొదలుపెట్టాక వెనక్కి తగ్గను."

పీహెచ్‌పీ అనే మరో తోక పెడితే ఏ గొడవా ఉండదని ఎక్కడో చదివాడు. మొదటి పేజీతో సహా అన్నింటి తోకలూ మార్చేశాడు. దాంతో మొదటి పేజీ కూడా మాయమై, షాపు మొత్తానికీ 'ఇక్కడ ఏమీ లేదు' అని రాసాగింది.

అది చూసిన పక్కవీధి పళ్ల డాక్టరు తన అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాడు: "టైలరమ్మ దుకాణం ఎత్తేసినట్టుంది. బట్టలిచ్చినవాళ్లు చూసుకోండి."

అరగంటలో గుమ్మం కిక్కిరిసింది. ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోయేలా ఉంది. వదిన కత్తెర పక్కన పెట్టి, కుట్టిన బట్టల అలమరకు నిచ్చెన వేసి ఎక్కింది.

"నీ తోకల సంగతి తర్వాత. ముందు ఈ కట్టలు అందుకో."

బట్టలు తీసుకెళ్లమని వదిన ఫోన్ చేసినప్పుడల్లా రేపొస్తాం, ఎల్లుండొస్తాం అంటూ నెలలు దొర్లించినవాళ్లంతా తమ బట్టలు గుర్తుపట్టి మరీ లాక్కుపోయారు. మధ్యాహ్నానికి అలమర వెనక గోడ రంగు కనిపించింది. అది ఆకుపచ్చ అని వదినే మర్చిపోయింది.

మరిది చెమట తుడుచుకున్నాడు. "దొరికింది వదినా. పాత చిరునామాకొచ్చినవాళ్లని కొత్తదానికి పంపే దారుంది. ఒక్క నిమిషంలో సైటు తెరిపిస్తా."

అలమరలో మిగిలిన ఒకే ఒక్క నల్లకోటు దుమ్ము దులిపి, వదిన బయటికి చూసింది.

"కాసేపాగు. లాయరుగారు ఇంకా రాలేదు."